ప్లేట్‌లెట్లకు గ్యారంటీ

మా అన్న కూతురికి తల్లి వోసిందని మా అమ్మ ప్రకటించిన పూటే ఇంట్లో తాలింపు ఆగిపోయింది. పుస్తకాల్లో దాన్ని ఆటలమ్మ అని రాస్తారు. డాక్టర్లు చికెన్‌పాక్స్ అంటారు. అది వైరస్ అని నేనంటాను. ఈ నాలుగింటిలో మా ఇంట్లో చెల్లుబాటయ్యేది మా అమ్మ మాట ఒక్కటే. గుమ్మానికి వేపమండలు కట్టారు. పోపు వాసన తల్లికి పడదు కనుక అందరం చప్పటి పప్పు తిన్నాం. దువ్వెన ముట్టరాదు, చుట్టాలు గడప తొక్కరాదు, సూది గోళీ అసలే వద్దు. ఒక వైరస్‌కు ఇన్ని ఇష్టాయిష్టాలుంటాయని ఏ వైద్య గ్రంథమూ రాయలేదు.

మా ఇల్లు బహదూర్‌పురాలో, జూపార్కు గోడకు కొంచెం ఇవతలి గల్లీలో ఉంది. కింద అన్న, వదినె, ఇంటర్ చదివే వాళ్ల బిడ్డ, మా అమ్మ ఉంటారు. పై గదిలో నేనూ నా పుస్తకాలూ. పెరట్లో కొట్టం, అందులో బర్రెలు. తాత నాటి నుంచీ మాది పాల వ్యాపారం. అన్న ఆ పాలు పిండి చాయ్ హోటళ్లకు పోస్తాడు. నేను ఆ పాలు తాగి ఊరూరా తిరిగి మూఢనమ్మకాల మీద మాట్లాడతాను. నిప్పుల మీద నడిచి చూపించాను, గాల్లోంచి విబూది తీసి చూపించాను, అదెలా తీశానో కూడా చూపించాను. నా మాటలు విని మారినవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో ఒక్కరూ మా ఇంట్లో ఉండరు.

పొక్కులు ఎండాయి, పెచ్చులు రాలాయి. వేపాకు పసుపు నీళ్లతో పిల్లకు తలకు పోసి, పోచమ్మకు పెరుగన్నం పెట్టి తల్లిని సాగనంపారు. ఆ సాయంత్రమే పొయ్యి మీద ఆవాలు చిటపటమన్నాయి. ఆ పోపు వాసన గల్లీ చివరిదాకా పోయి మా ఇంటి ఆరోగ్య సమాచారం అందరికీ చేరవేసింది. తర్వాత కొద్ది రోజులకే పిల్ల కాళ్ల మీద ఎర్ర చుక్కలు వచ్చాయి.

అవి పొక్కులు కావు. సూదిమొనతో గుచ్చినట్టు చిన్నవి, దురద లేదు, వేలితో నొక్కినా రంగు పోలేదు. ఎక్కడా తగలకుండానే మోకాలి పైన అరచేయంత మేర కమిలి నల్లబడింది. ఆ చుక్కలు చూసి మా అమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"పోలే. తల్లి పోలే. తొవ్వల్నుంచే మర్లొచ్చింది. పోపు జల్ది ఏసిన్రు."

"నేనెందుకేస్త అత్తమ్మా?" అంది వదినె. "నీ కొడుకే, చప్పటి కూర తిని నోరు చచ్చిపోయిందే అని ఒకటే లొల్లి."

"నోరు చచ్చిందన్న. పోపెయ్యమన్ననా?" అన్నాడు అన్న.

"మరి నోరెట్ల లేస్తది, బిస్కెట్లు పెడ్తే లేస్తదా?"

గుమ్మానికి మళ్లీ వేపమండలు ఎక్కాయి, పొయ్యి మీద చప్పటి పప్పు ఎక్కింది. తల్లి ఇంట్లో ఉన్నంతకాలం పిల్లను దవాఖానకు తీసుకుపోవడమన్న మాటే లేదు. సూది పడితే తల్లికి కోపం, కోపమొస్తే కళ్లు పోతాయి. మా అమ్మ దగ్గర దీనికి ఉదాహరణలు కూడా ఉన్నాయి, అందరూ చనిపోయినవాళ్లే.

నేను కిందికి దిగాను. ఆ రోజు మాట్లాడినంత బాగా ఏ సభలోనూ మాట్లాడలేదేమో. క్రిమి సిద్ధాంతం దగ్గర ఎత్తుకుని మశూచి మాయమైన కథ మీదుగా రాజ్యాంగంలోని శాస్త్రీయ దృక్పథం దాకా వచ్చాను. చప్పట్లు పడాల్సిన చోట మా అమ్మ చాట ముందుకు లాక్కుని బియ్యం ఏరడం మొదలుపెట్టింది. గోడకు ఆనుకుని కూర్చున్న పిల్ల, "కాకా, జర గొంతు తగ్గియ్యి, బర్రెలు బెదురుతున్నయ్," అంది.

మర్నాడు పొద్దున పిల్ల పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి నెత్తురు వచ్చింది. పుక్కిలించినకొద్దీ వచ్చింది. తెల్లటి సింకు ఎర్రగా అయింది. వదినె కేకకు మేమందరం ఉరికాం. నా ఉపన్యాసం రెండో భాగం గొంతులో సిద్ధంగా ఉంది గానీ, అంతకంటే ముందే మా అమ్మ పిల్ల దవడ పట్టుకుని నోట్లోకి తొంగిచూసింది.

"గిది తల్లి కాదు," అంది. "నేను ఎందరికో చూసిన. తల్లి పొక్కులిస్తది, జరమిస్తది. నోట్లె నెత్తురియ్యదు. ఏం జూస్తున్రు, ఆటో పిలువుండ్రి!"

క్రిమి సిద్ధాంతం చేయలేని పని ఇలా జరిగిపోయింది. నా ఉపన్యాసంలో ఎన్నో ఆధారాలున్నాయి. ఆమెకు కావలసిన ఒక్క ఆధారం సింకులో ఉంది.

నయాపూల్ దాటి దవాఖానకు పోయాం. నెత్తురు తీశారు. రక్త జబ్బులు చూసే డాక్టరమ్మ మధ్యాహ్నం కాగితం చేత్తో పట్టుకుని వచ్చింది. ఎర్ర కణాలు బాగున్నాయి, తెల్ల కణాలు బాగున్నాయి. నెత్తురు కారకుండా గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు మాత్రం అడుగంటాయి. పొక్కులన్నీ ఎండాయా, కొత్తవి ఏమైనా వచ్చాయా అని ఒళ్లంతా చూసింది. నొప్పులకు ఇంట్లో ఏ గోళీ వేసుకున్నా తనకు చెప్పాలంది. తర్వాత మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది.

"వైరస్ వచ్చినప్పుడు శరీరం దాన్ని గుర్తుపట్టి కొట్టేవాటిని తయారుచేసుకుంటుంది. పిల్ల శరీరం ఆ పని బాగానే చేసింది, పొక్కులు తగ్గాయి. కానీ ఆ పనిలో దిగిన కొన్ని, ఇప్పుడు తన ప్లేట్‌లెట్లనే వైరస్ అనుకుంటున్నాయి. బయట రక్తంలో ఉన్నవాటిని నాశనం చేస్తున్నాయి. ఎముకల లోపల మూలుగలో ప్లేట్‌లెట్లను తయారుచేసే తల్లి కణాలుంటాయి, వాటి పనినీ చెడగొడుతున్నాయి. ఒకపక్క ఉన్నవి పోతున్నాయి, ఇంకోపక్క కొత్తవి సరిగా రావడం లేదు."

దొంగ గల్లీ దాటి పోయాక కూడా లాఠీ దించని పోలీసులా, గుమ్మం ముందు నిలబడ్డ ఇంటివాణ్నే చితకబాదుతోందన్నమాట పిల్ల రోగనిరోధక శక్తి. నాకు వెంటనే అర్థమైంది. అన్నకు కూడా వెంటనే అర్థమైంది, కాకపోతే వేరే రకంగా.

"అయితె ప్లేట్‌లెట్లు ఎక్కియ్యుండ్రి మేడం. ఎన్ని సంచులైనా సరే."

"ఎక్కించినా వాటినీ అలాగే కొడుతుంది. ప్రాణం మీదికొచ్చే రక్తస్రావమైతే తప్ప ఎక్కించం. ముందు ఆ కొట్టేదాన్ని తగ్గించాలి. రోగనిరోధక శక్తిని కొంచెం అణచే మందు ఇస్తాను."

అన్న మొహం మారింది. పాలవాళ్లింట్లో పుట్టినవాడికి శక్తి తగ్గించే మందు అనే మాట చెవికెక్కదు. "గింతమందిల మా పిల్లకే ఎందుకైంది మేడం?" అని అడిగాడు.

"తెలియదండి," అంది డాక్టరమ్మ. "చికెన్‌పాక్స్ చాలామందికి వస్తుంది. కొందరికే ఇలా అవుతుంది. ఎవరికి అవుతుందో, ఎందుకవుతుందో కచ్చితంగా చెప్పలేం. పిల్లల్లో చాలావరకు తగ్గిపోతుంది. ఎన్నాళ్లకు తగ్గుతుందో కూడా ఇప్పుడే చెప్పలేను."

ఆ మాటతో అన్న ముఖంలో మిగిలిన కాస్త నమ్మకమూ జారిపోయింది. నిజం చెప్పాలంటే నాకూ ఇబ్బందిగానే అనిపించింది. సభల్లో ఎవరైనా లేచి ప్రశ్న వేస్తే తెలియదు అన్నవాడి పని అక్కడితో అయిపోతుంది. అవతలివాడు మైకు లాక్కుంటాడు.

కొద్ది రోజులు అక్కడే ఉంచుకుని, చిగుళ్ల నెత్తురు ఆగాక గోళీలు రాసిచ్చి ఇంటికి పంపారు. చెప్పకుండా ఆపొద్దు, ఆపితే మళ్లీ పడిపోవచ్చు, వారం వారం రక్తపరీక్ష చేయించాలి అన్నారు. అసలు కష్టం అక్కడ మొదలైంది, ఎందుకంటే ఇప్పుడు చుట్టాలు గడప తొక్కవచ్చు.

మొదట ఎదురింటి ఖాలా వచ్చింది. గిన్నె నిండా మేక కాళ్ల ఎముకల పాయా షోర్బా, సీసాలో మేకపాలు. "మూలుగల గడ్‌బడ్ అంటున్నరు గదా, మూలుగ బొక్కలు తింటెనే మూలుగ నిండ్తది బేటా. బకరీ కా దూద్ పిలావ్, ప్లేట్‌లెట్ ఖుద్ బఢ్ జాతే." బర్రెల కొట్టం ఉన్న ఇంటికి మేకపాలు తెచ్చిందని అన్న కొంచెం నొచ్చుకున్నాడు, కానీ ప్లేట్‌లెట్లు వాటంతటవే పెరుగుతాయంది కదా అని పిల్లకు పోశాడు. షోర్బా బాగుండటంతో దాన్ని నేనే తాగాను. నా మూలుగకు ఏ ఢోకా లేదు.

తర్వాత రోజూ పాలకొచ్చే టీచరమ్మ వచ్చింది. హైస్కూల్లో సైన్స్ చెప్పి రిటైరైన మనిషి. డబ్బాలో ఇమ్యూనిటీ పొడి, సంచిలో తిప్పతీగ, బొప్పాయి ఆకులు. "ఇమ్యూనిటీ పెంచాలమ్మా, ఇమ్యూనిటీ! కరోనా అప్పటినుంచి నేనిదే తాగుతున్న."

"టీచరమ్మా, ఇక్కడ ఇమ్యూనిటీ ఎక్కువై వచ్చిందే జబ్బు," అన్నాను.

"ఇమ్యూనిటీ ఎక్కువయ్యేదేంటిది? మంచితనం ఎక్కువైతదా ఎక్కడన్నా?"

ఎన్నో ఏళ్లు నల్లబల్ల మీద తెల్ల కణం బొమ్మ గీసిన చెయ్యి అది. మన చదువు మనకు బొమ్మ గీయడం నేర్పింది, అది ఏం చేస్తుందో అడగడం నేర్పలేదు. టీవీ వాడు ఇమ్యూనిటీని గ్లాసులో పోసి అమ్మడం మొదలుపెట్టాక, అదేదో ఎంత తాగితే అంత మంచిదనే శర్బత్ అని దేశమంతా నమ్మింది. దేవుడి మీద నమ్మకాన్ని ప్రశ్నించేవాళ్లు మాలాంటి నలుగురైనా ఉన్నారు. ఇమ్యూనిటీ మీద నమ్మకాన్ని ప్రశ్నిస్తే కొట్టొచ్చేటట్టున్నారు.

వచ్చినవాళ్లందరూ ఒకే ప్రశ్న వేశారు: డాక్టర్ ఏమన్నది? శక్తి తగ్గించే మందు ఇచ్చిందని అన్న చెప్పేవాడు. ఎందుకొచ్చిందో తెలియదట అని వదినె చెప్పేది. వినేవాళ్లు నాలుక చప్పరించేవారు. రోగం ఎందుకొచ్చిందో మా గల్లీలో ప్రతివాడికీ తెలుసు. పోపు వల్ల, ఫోను చూడటం వల్ల, ఏసీ కాలేజీ వల్ల, ఎవరో కళ్లు పెట్టడం వల్ల. దవాఖానలో అంత చదువుకున్న మనిషికి మాత్రమే తెలియదు.

ఇంటికొచ్చాక చేసిన మొదటి పరీక్షలో ప్లేట్‌లెట్లు కొంచెమే పెరిగాయి. డాక్టరమ్మ సరేనంది, ఇదే మోతాదు నడవనివ్వండి అంది. కాళ్ల మీద మాత్రం రెండు మూడు కొత్త చుక్కలు కనిపించాయి. అన్న ఆ సాయంత్రం పాల బాకీలు వసూలు చేసుకుని రావాల్సిన దారిలో రాలేదు, చాంద్రాయణగుట్ట వైపు నుంచి వచ్చాడు. చేతిలో గోధుమరంగు సీసా.

ఫ్లైఓవర్ కింద ఒక వైద్యుడున్నాడట. పిల్ల కాళ్ల ఫోటో ఫోన్‌లో చూపించగానే రోగమేమిటో, ఎందుకొచ్చిందో, ఎన్నాళ్లకు పోతుందో గడగడ చెప్పేశాడట. తల్లి వోసినప్పుడు చెడు వేడి మూలుగలో దిగిందట. తన చుక్కల మందుతో వారం లోపల ప్లేట్‌లెట్లు పొంగుతాయి, బోర్డు మీదే రాసుకున్నాడు: ప్లేట్‌లెట్లకు గ్యారంటీ. ఒకటే షరతు, ఇంగ్లీషు గోళీలు ఇవ్వాళ నుంచే బంద్ చేయాలి.

"బంద్ చేస్తే పిల్ల లోపల నెత్తురు కారి చస్తదన్నా," అన్నాను. నా గొంతు మళ్లీ సభ గొంతైంది. "వాడు దొంగ. డాక్టర్ తెలియదన్నా సైన్సుకు అన్నీ తెలుసు..."

"నీకు ఎప్పుడూ అన్నీ తెలుసురా," అన్నాడు అన్న. బర్రె పొదుగు కింద బకెట్ పెట్టి కూర్చుంటున్నాడు. "గామెకు తెల్వదంట. ఆమె నోటితోనే చెప్పింది. తెల్వదన్నోళ్ల గోళీలు నా బిడ్డకు ఎట్ల మింగిపియ్యాలె? గీయన గ్యారంటీ ఇస్తుండు. ఆపుత. రేపు పొద్దుగాల నుంచి గోళీలు లేవు."

వదినె కొట్టం గుమ్మంలో కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. అన్న మొండివాడు. ఒకసారి అన్నాడంటే అన్నట్టే. నేనేమో నాకు ఉన్న ఒక్క శాస్త్రాన్నీ వాడేశాను. అప్పుడే పిల్ల ఒక చెయ్యి గోడకు ఆనించి, పడకుండా మెల్లగా నడిచొచ్చి తండ్రి ఎదురుగా నిలబడింది.

"బాపు, ఒక్క మాట అడుగుత. సంతల బర్రెను కొనేటప్పుడు దలారీ గ్యారంటీ అంటె కొంటవా?"

అన్న పితకడం ఆపలేదు. "దలారీ గ్యారంటీ అన్నడంటె బర్రెల ఏదో ఐబు దాస్తున్నట్టే."

"మరి ఎవనికాడ కొంటవ్?"

"రెండు పూటలు పిండి చూస్కోనిచ్చేటోని కాడ. ఎడమ రొమ్ము సంగతి నాకు ఎర్క లేదు, నువ్వే చూస్కో అన్నోని కాడ."

"డాక్టరమ్మ వారం వారం నెత్తురు చూస్కోమంటుంది గదా. గీయన ఏమన్నడు?"

ధార ఆగింది. బర్రె తల తిప్పి చూసింది. అన్న చేతులు తుడుచుకుని ఫోన్ తీశాడు. స్పీకర్ పెట్టడం అతని అలవాటు, పాల లెక్కలన్నీ గల్లీకి వినబడేది అందుకే.

"వైద్యం సాబ్, నేను పొద్దూకి మందు కొన్న పాలాయన్ని. గోళీలు ఆపను. రేపు నెత్తురు పరీక్ష చేయిస్త, నీ మందు వోస్త, వారానికి మల్ల పరీక్ష చేయిస్త. నీ గ్యారంటీ అట్ల చూపెట్టు."

అవతల బస్సుల హారన్ల మధ్య వైద్యుడు గొంతు పెంచాడు.

"పరీక్షలు చేస్తె నా మందు పారదన్నా. నెత్తురు తీస్తె శక్తి పోతది. ఇది నమ్మకంతోని తాగే మందు. గోళీలు బంద్ చెయ్యకపోతె నా జిమ్మేదారి లేదు."

"పిండి చూస్కోనియ్యవన్నట్టు," అన్నాడు అన్న.

"ఏంది?"

"ఏం లేదు." ఫోన్ పెట్టేశాడు. సీసా మూత తీసి వాసన చూశాడు, మొహం చిట్లించి పేడకుప్ప మీద వంపేశాడు. తిరిగి పొదుగు దగ్గర కూర్చుంటూ, నా వైపు చూడకుండానే అన్నాడు, "నువ్వు గీ ముచ్చట మొదలే చెప్పొద్దారా? రాజ్యాంగం, మశూచి అని మస్తు చెప్పినవ్."

గోళీలు ఆగలేదు. వాటితో పిల్లకు విపరీతమైన ఆకలి పట్టుకుంది. ఆకలైతే తల్లి చల్లబడ్డట్టేనని మా అమ్మ సంబరపడింది. మొహం గుండ్రంగా ఉబ్బితే, పిల్ల నిండుగైంది, దిష్టి తీయండి అని గల్లీవాళ్లన్నారు. అది మందు చేసే పని అని నేను చెబితే, నాకు ఎవరు బాగుపడినా ఓర్వలేనితనమని వదినె వైపు చుట్టం ఒకామె తేల్చింది. పరీక్ష పరీక్షకూ ప్లేట్‌లెట్లు పెరిగాయి. అన్న ఆ కాగితాలు తీసుకుని నా గదికి ఎక్కి వచ్చేవాడు. చదివించుకుని, పోయిన వారం ఎంత, ఈ వారం ఎంత అని అడిగి దిగిపోయేవాడు. మోతాదు మెల్లమెల్లగా తగ్గించి డాక్టరమ్మ చివరికి మందు ఆపేసింది.

ఆపేసిన రోజున మా అమ్మ కూడా దవాఖానకు వచ్చింది.

"మల్ల వస్తదా బిడ్డా?"

"రాకపోవచ్చమ్మా. అసలే రాదని మాత్రం చెప్పలేను. జ్వరమొచ్చిన ప్రతిసారీ కాళ్లు చూసుకోండి. చుక్కలు కనబడితే ఆలస్యం చేయొద్దు."

అన్న తలూపాడు. ఈసారి ఆ చెప్పలేనన్న మాటకు అతని మొహం మారలేదు. బయటికొచ్చాక వదినెతో, "సాఫ్ చెప్తది గామె," అన్నాడు, సంతలో ఒక మంచి మనిషి దొరికినప్పుడు అనేటట్టుగా.

ఖాలా మేకపాల వల్లే తగ్గిందని చార్మినార్ దాకా చెప్పింది. టీచరమ్మ తన పొడిని ఇంకో ఇద్దరికి అంటగట్టింది. మా అమ్మ పోచమ్మకు బోనం ఎత్తింది. వీటన్నిటి మీద ఒక వ్యాసం రాద్దామని కాగితాలు ముందేసుకున్నాను. రాస్తే ఎవరు చదువుతారో తెలుసు: ఇవన్నీ ముందే నమ్మనివాళ్లు.

పిల్ల ఇప్పుడు కాలేజీకి పోతోంది. పోయిన వారం దానికి మామూలు జలుబూ జ్వరమూ వచ్చాయి. పొద్దున బయల్దేరబోతుంటే మా అమ్మ ఆపింది, తల్లి జాడ ఏమైనా ఉందేమోనని. అన్న కొట్టంలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. నేను మెట్ల మీద నుంచి వంగాను. పిల్ల చెప్పులు విడిచి, సల్వార్ అంచు కొంచెం పైకి లాగి, ఒక కాలు తర్వాత ఒకటి గచ్చు మీద వెలుగులో పెట్టింది. ముగ్గురం చూశాం. ఒక్క చుక్క లేదు.

"అయిందా?" అంది అది చెప్పులు తొడుక్కుంటూ. "ఇంక నేను పోతున్న, బస్సు ఆగదు."